ఆరిన కొంగు

మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో ఆ ఎండాకాలం, దొర ఉండే గడి ముందర అర ఎకరం గరిక నవనవలాడింది. పట్నంలో ఎవరో నవాబు బంగళా ముందర అలాంటి పచ్చిక చూసి వచ్చి దొర మనసు పారేసుకున్నాడు. నిజాం సర్కారు తాలూక్‌దారు తనిఖీ దౌరాకు వచ్చేనాటికి తన వాకిట్లోనూ అది ఉండాలన్నాడు. కొత్తగా పరిచిన ఆ గరికకూ, చుట్టూ నాటిన మామిడి మొక్కలకూ రోజుకు మూడు పూటలా నీళ్లు. ఊరబావి అడుగంటి, జనం బురదనీళ్లు తేర్చుకుని తాగుతున్న రోజులవి! గడిబావి ఒక్కదానిలోనే నీళ్లున్నాయి.

మోట కొట్టేవాడు కురుమ ఐలేశం. కాలువ అందని మొక్కలకు కుండతో మోసి పోసేది మాదిగవాడ నాగులమ్మ. వెట్టి పని, కూలి లేదు. ఆ మోటకు తోలుసంచి కుట్టింది ఆమె పెనిమిటి లింగస్వామే. చదివే అయ్యలారా, అమ్మలారా, జర ఆలోచించండి. అతను కుట్టిన తోలు బావిలో మునిగితే మైల లేదు. ఆమె కాలువ నీళ్లు ముట్టి మట్టిలో పోస్తే మైల లేదు. అవే నీళ్లు నోట్లో పోసుకుంటే మాత్రం బావి చెడిపోతుందట! అందుకే ఆమె ఇంటికి పోయేటప్పుడు కావలి గుర్వయ్య కుండ బోర్లించి చూసేవాడు.

లింగస్వామి వడదెబ్బ తగిలి నాలుగు రోజులుగా గుడిసెలో పడి ఉన్నాడు. వాగులో చెలిమెలు ఎండిపోయాయి. ఊరబావి దగ్గర ఎవరైనా జాలిపడి ఇన్ని నీళ్లు వంపితే వంపినట్టు, లేకుంటే లేదు. నాగులమ్మకు ఒక ఉపాయం తోచింది. పని కాగానే కొంగు కాలువలో ముంచి, నడుముకు చుట్టుకుని ఇంటికి ఉరికేది. మొక్కలకు నీళ్లు పోసే మనిషి చీర తడిస్తే ఎవరికి అనుమానం? మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకి ఒకసారి, ఆ కొంగు మగని నోట్లో పిండేది. ఆ నాలుగు గుక్కలతోనే అతని ప్రాణం నిలిచి ఉంది.

తాలూక్‌దారు వచ్చే రోజు మధ్యాహ్నం, ఆమె చీర నుంచి కొత్త షాబాదు బండల మీద చుక్కలు పడటం దొరసాని చూసింది.

"ఏమే, నీళ్లు కార్చుకుంట నా బండల మీదికెల్లి పోతవా? సాబు వచ్చే యాళ్లకు బురద అడుగులు కనబడాల్నా? ఆడనే ఎండల నిలబడు. చీర ఆరినంక పో."

"నీ బాంచెన్ దొరసానీ, ఇంటికాడ నా మొగడు పాణం మీదున్నడు. జర పోనియ్యున్రి."

"ఆరినంక అన్న గద!"

నాగులమ్మ నిలబడింది. ఆ కాస్త తడి మిగలాలని కొంగు గుప్పిట్లో ముద్దగా పట్టుకుంది. గుర్వయ్యకు జాలి కలిగింది.

"గట్ల పట్టుకుంటే ఎప్పుడు ఆరుతది పిల్లా? ఇప్పి ఎండకు పట్టు. జల్ది పోవచ్చు."

పాపం, మంచికే చెప్పాడు. ఏమని కాదంటుంది? కొంగు విప్పి ఎండలో పట్టింది. ఎదురుగా ఐలేశం మోట పొర్లుతూనే ఉంది, గరిక తాగుతూనే ఉంది.

గుడిసెకు చేరేసరికి పక్కింటి ముసలి ఈదమ్మ లింగస్వామి తలాపున కూర్చుని ఉంది. అతని నోరు తెరిచే ఉంది. నాగులమ్మ కొంగు పిండింది. చుక్క రాలేదు. మళ్లీ మెలిపెట్టి పిండింది.

"ఇంక పిండకు బిడ్డా," ఈదమ్మ ఆమె చేయి పట్టుకుంది. "నాగి కొంగు తెస్తది, నాగి కొంగు తెస్తది అనుకుంటనే పోయిండు."

నాగులమ్మ అరిచిన అరుపుకు వాడంతా కదిలింది. గడిదాకా వినిపించే ఉంటుంది. అయినా పొద్దు వాలేవేళకు గుర్వయ్య వచ్చాడు, తల వంచుకుని.

"సాబు వచ్చిండు. ఆయన చూస్తుంటె మొక్కలకు నీళ్లు పొయ్యాల్నట. దొర నిన్ను రమ్మంటున్నడు."

అతని వెనకే ఐలేశం వచ్చాడు. మోటసంచిని తాడు నుంచి విప్పి, అడుగున ఇన్ని నీళ్లతో భుజాన మోసుకొచ్చాడు. శవం పక్కన దించాడు.

"లింగన్న కుట్టిన మోట. ఆయన ఆఖరి తానానికన్న కానియ్యి వదినా. ఇంక నేను గడికి నీళ్లు తోడ."

నాగులమ్మ ఆ తోలు మీద చేయి పెట్టింది. కుట్టు కుట్టూ తడిమింది. తర్వాత గుర్వయ్య ముఖంలోకి సూటిగా చూసింది.

"గరికకు నీళ్ల దూపయితదని మూడు పూటల యాదికున్న దొరకు, మనిషికి దూపయితదని ఒక్క పూట యాదికి రాలే. తోలుకు లేని మైల తాగే నోటికి ఎక్కడిదో పోయి అడిగి రా గుర్వన్నా. అది చెప్పేదాక ఈ వాడ నుంచి ఒక్క కుండ లేవది."