గోడ మీది పాస్‌వర్డ్

వీధిలో అందరూ ఆవిడను కుట్లమ్మ అంటారు. దిండు గలీబుల మీద పువ్వులూ, బల్లగుడ్డల మీద పిట్టలూ కుట్టి ఇవ్వడం ఆవిడ పని. చేతిలో సూది ఉన్నంతసేపూ ఆవిడంత కచ్చితమైన మనిషి మరొకరుండరు. ఒక్క గడి తప్పు పడిందా, మూరెడు పని విప్పేసి మళ్ళీ మొదలుపెడుతుంది. సూది కింద పెట్టిందంటే మాత్రం ఒట్టి మెతక. నిచ్చెన అడిగితే నిచ్చెన, గొడుగు అడిగితే గొడుగు. ఆవిడ నోట "లేదు" అనే మాట విన్నవాళ్ళు ఆ వీధిలో లేరు. ఇంట్లో వైఫై పెట్టించాక పాస్‌వర్డ్ కూడా అలాగే ఇచ్చింది.

అడిగినవాళ్ళకల్లా కోడలు వంటింట్లోంచి ఆ పది అక్షరాలూ అరిచి చెప్పాల్సి వచ్చేది. దాని గొంతు పోతోందని కుట్లమ్మకు జాలేసింది. ఒక మధ్యాహ్నం కూర్చుని, తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో ఆ పది అక్షరాలూ కుట్టింది. చుట్టూ పూలతీగ, పైన రెండు పిట్టలు. దానికి చట్రం కట్టించి ముందుగదిలో గోడకు తగిలించింది. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు, మెచ్చుకుంటూనే రాసుకుని వెళ్ళారు. ఎదురుగా ఉన్న సెలూన్ అతను అయితే ఫోటోయే తీసుకున్నాడు.

కోడలు ఆసుపత్రిలో టైపిస్టు. డాక్టర్లు మాటల్లో చెప్పి రికార్డు చేసిన రోగుల వివరాలు విని, వాటిని ఉత్తరాలుగా టైపు చేస్తుంది. పదకొండేళ్ళుగా అదే పని, ఆ పనంటే ప్రాణం. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళు టైపిస్టుల గది ఎత్తేసి, ఇకమీదట ఇళ్ళ నుంచే చేయమన్నారు. అయితే ఒక షరతు పెట్టారు. రోగుల గుట్టు బయటికి పొక్కకూడదు కనక, ఒక్కొక్కరి ఇంటి నెట్‌వర్క్‌నూ తనిఖీ అధికారి వీడియోలో పరీక్షిస్తాడు. నెగ్గినవాళ్ళకు పని ఉంటుంది, నెగ్గనివాళ్ళకు ఉండదు.

పరీక్ష రోజున కోడలు తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, ఇంట్లోకెల్లా అందంగా ఉండే ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. అధికారి రెండు ప్రశ్నలడిగాడు. మూడోది అడగబోతూ ఆగిపోయి, కళ్ళద్దాలు పైకి జరుపుకున్నాడు.

"మేడమ్, మీ వెనక గోడ మీద ఉన్నది మీ వైఫై పాస్‌వర్డేనా?"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. పిట్టలు రెండూ చక్కగా కనిపిస్తున్నాయి.

"కుట్టుపని చాలా బావుంది," అన్నాడతను మర్యాదగానే. "కానీ నేను ఇంత దూరంలో కూర్చుని చదివేస్తున్నాను. ఎనిమిది అంశాల కాగితం ఒకటి పంపుతాను. అన్నీ సరిచేసుకోండి. పదిరోజుల్లో మళ్ళీ చూస్తాను. మూడో అవకాశం మాత్రం ఉండదు."

కోడలు అత్తగారిని పల్లెత్తు మాట అనలేదు. అంటే బావుండేదని కుట్లమ్మకు అనిపించింది. తిట్టు పడితే దులిపేసుకోవచ్చు. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్న మనిషిని చూస్తూ కూర్చోవడం ఎలా? ఆవిడకు తల తీసేసినట్టయింది. చట్రం దించి, మొహం గోడ వైపు తిప్పి మూలన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే కుట్లమ్మ వచ్చి చేయి చాపింది. "అమ్మాయ్, ఆ కాగితం ఇలా ఇవ్వు."

"మీకేం అర్థమవుతుందత్తయ్యా?"

"నీకు అర్థమైందా?"

కోడలు కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. నిజానికి ఆమె టైపు చేయడంలో ఎంత చురుకో, ఓపికగా చదవడంలో అంత బద్ధకం. ఏ మిషను ఏమడిగినా చూడకుండా "తర్వాత, తర్వాత" అని నొక్కుకుంటూ పోయే రకం. కుట్లమ్మ అలా కాదు. కళ్ళద్దాలు పెట్టుకుంది. కుట్టుపటం చూసేటప్పుడు చేసినట్టే, మొదటి వాక్యం కింద స్కేలు పెట్టింది. అది పూర్తయితేగాని స్కేలు కిందికి జరగదని కోడలికి ఆ క్షణమే అర్థమైపోయింది.

మొదటి వాక్యం, పెట్టె ఎక్కడుంది అని. రూటరు పెట్టె ఇనపబీరువాలో ఉంది. దుమ్ము పడకుండా కుట్లమ్మే దానికి దళసరి గుడ్డతో తొడుగు కుట్టి లోపల పెట్టి, తలుపు వేసింది. పెరటి గదిలో నెట్ రావడం లేదని కొడుకు ఆర్నెల్లుగా ఇంటికొచ్చినప్పుడల్లా గోలపెడుతున్నాడు. తొడుగు విప్పి, పెట్టెను నడిమింటి అలమర పైఅరలో ఏ అడ్డూ లేకుండా పెట్టారు. పెరటి గదిలో ఫోను చూస్తే గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"ఆర్నెల్లు వాడి నోరు మూయించాను గాని, బీరువా తలుపు తెరవలేదు చూడు," అంది కుట్లమ్మ.

తర్వాత తేలినది అంతకన్నా ఘోరం. వైఫై పాస్‌వర్డ్ వేరు, రూటరు సెట్టింగులు మార్చడానికి పాస్‌వర్డ్ వేరు అట. ఆ రెండోది, బిగించినతను వెళ్ళిపోయిన రోజున ఎలా ఉందో అలాగే, పెట్టె అడుగున స్టిక్కరు మీద రాసి ఉంది. వైఫైలోకి వచ్చినవాడెవడైనా ఊహించగలిగేంత సులువైన మాట. దాన్ని మార్చారు. బటన్ నొక్కితే చాలు పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చే సదుపాయమొకటి ఉంటే, దాన్ని ఆపేశారు. రూటరు లోపలి సాఫ్ట్‌వేర్ కొత్తది వేసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంటే కంగారుపడి కోడలు ప్లగ్గు మీద చేయి వేయబోయింది. కుట్లమ్మ ఆ చేతి మీద స్కేలుతో ఒక్కటిచ్చింది. "మధ్యలో తీయొద్దని రాసుందిగా."

ఐదో వాక్యం దగ్గర, ఈ నెట్‌వర్క్‌లో ప్రస్తుతం ఎన్ని పరికరాలున్నాయో చూడమన్నారు. చూస్తే పదిహేడు. ఇంట్లో ఉన్నవి నాలుగు, అంటే ఇద్దరి ఫోన్లూ, కంప్యూటరూ, ప్రింటరూ.

"మిగతా పదమూడూ ఎవరివత్తయ్యా?"

"నావాళ్ళవేనే," అంది కుట్లమ్మ.

కొత్త పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, ఊహకందకూడదు. కోడలు తన పుట్టినరోజు పెడదామంది. "అది వీధందరికీ తెలుసు. నేనే చెప్పాను," అంది కుట్లమ్మ. చివరికి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు మాటలు ఆవిడే ఏరి, వరసగా పేర్చింది. విన్న కోడలు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. ఆ మాటలేమిటో ఈ కథలో రాయడానికి కూడా వీల్లేదు.

కొత్తది పెట్టీ పెట్టగానే పదమూడు పరికరాలూ రాలిపోయాయి. ఐదు నిమిషాల్లో తలుపు చప్పుడైంది. సెలూన్ అతను చేతిలో దువ్వెనతోనే వచ్చేశాడు.

"పెద్దమ్మా, నెట్ పోయింది. కుర్చీలో ఒకాయన సగం గడ్డంతో ఉన్నాడు. మ్యాచ్ చూడందే మిగతా సగం గీయించుకోనంటున్నాడు. కొత్త పాస్‌వర్డేదో చెబుదురూ."

కుట్లమ్మ స్కేలు కింద పెట్టింది. నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. "రేపు రా నాయనా," అంది. లోపల నిలబడి వింటున్న కోడలికి భయం పట్టుకుంది. ఇవాళ రేపు రమ్మన్న మనిషి రేపు చెప్పేయదన్న నమ్మకమేమిటి? పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఆ భయం కుట్లమ్మకూ ఉంది. తన నోటి సంగతి తనకు తెలియదా? అందుకే ఏడో వాక్యం కింద స్కేలు పెట్టి కోడలి చేత మూడుసార్లు చదివించుకుంది. వచ్చేపోయేవాళ్ళ కోసం వేరే నెట్‌వర్క్ పెట్టుకోవచ్చు, దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ ఉంటాయి, అందులో ఉన్నవాళ్ళకు ఇంటర్నెట్ వస్తుంది గాని ఇంట్లోని కంప్యూటర్లు కనిపించవు అని ఉంది.

"అంటే వరండా అన్నమాట," అంది కుట్లమ్మ నెమ్మదిగా. "వచ్చినవాళ్ళు కూర్చుంటారు, వీధి చూస్తారు. లోపలి గదుల్లోకి మాత్రం దారుండదు. ఇది ముందే ఎందుకు చెప్పలేదే?"

"నేను చదవలేదత్తయ్యా."

వరండా పెట్టారు. కుట్లమ్మ తన ఫోనును అందులో కలిపి ప్రింటరు కోసం వెతికింది. దొరకలేదు. కంప్యూటరు కోసం వెతికింది, అదీ దొరకలేదు. పోయిన వస్తువు దొరికితే సంతోషించినవాళ్ళను చూశాం గాని, ఉన్న వస్తువు దొరకనందుకు అంత సంబరపడినవాళ్ళు ఆ అత్తాకోడళ్ళే అయుంటారు.

ఎనిమిదో వాక్యం దగ్గర స్కేలు ఆగిపోయింది. అక్కడ "ఇంట్లో మనుషులు" అని మాత్రం ఉంది. ఏం చేయాలో రాయలేదు. ఎంత ఆలోచించినా తెలియక, ఇల్లంతా ఊడ్చి పెట్టారు.

ఆ వారాంతం, దూరప్రాంతాల బస్సు నడిపే కొడుకు ఇంటికొచ్చి పాస్‌వర్డ్ అడిగాడు. కుట్లమ్మ వాడి ఫోను లాక్కుని, అటు తిరిగి, స్కేలు అడ్డం పెట్టుకుని, ఒక్కో అక్షరమే కొట్టి తిరిగిచ్చింది.

"కన్నకొడుకునమ్మా, నాక్కూడా చెప్పవా?"

"కన్నాను కాబట్టే నీ నోరెలాంటిదో తెలుసు. నాదే వచ్చింది నీకు."

మిగిలిన రోజులు ఆవిడ కొత్త గుడ్డ కుట్టింది. రెండో పరీక్ష రోజు పొద్దున దాన్ని పాత మేకుకే తగిలిస్తుంటే కోడలు బెదిరిపోయింది. "అది చూశాడంటే కాల్ కట్ చేస్తాడత్తయ్యా. నా ఉద్యోగానికే ఎసరొస్తుంది."

"చూడనీ. దాచుకోవలసింది గోడ మీద లేదు," అంది కుట్లమ్మ. అంది గాని, మేకు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

అధికారి తెరమీదికి రాగానే చూసింది గోడనే. మొహం మాడ్చుకున్నాడు. "మళ్ళీనా మేడమ్?"

కోడలు కంప్యూటరును అత్తగారి వైపు తిప్పింది. కుట్లమ్మ వరండా సంగతంతా చెప్పింది. అతను నమ్మలేదు. గోడ మీది వరండా పాస్‌వర్డ్‌తోనే ఫోను కలిపించి, అక్కడి నుంచి పని కంప్యూటరును వెతికించాడు, ప్రింటరును వెతికించాడు, రూటరు సెట్టింగులు తెరిపించబోయాడు. ఏదీ దొరకలేదు, ఏదీ తెరుచుకోలేదు. ఒక్కో అంశానికీ టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఏడు టిక్కులు పడ్డాయి.

అప్పుడు పెన్ను పట్టుకుని మెత్తగా అడిగాడు. "పెద్దమ్మగారూ, లోపలి నెట్‌వర్క్ పాస్‌వర్డ్ మీకు తెలుసా?"

"తెలుసు. నేనే పెట్టాను."

"ఒకసారి చెప్పండి. ఫారంలో రాసుకోవాలి."

కోడలు చెప్పడానికి నోరు తెరిచింది. ఉద్యోగం అతని చేతిలో ఉంది, అడుగుతున్నది అతనే, చెప్పేస్తే పనైపోతుంది. కుట్లమ్మ చేయి చాచి ఆమె మోకాలు గట్టిగా నొక్కింది.

"చెప్పను," అంది.

"అలాగైతే ఫారం పూర్తి కాదండీ. మీ కోడలి ఉద్యోగం విషయం ఇది."

"ఆ ఉద్యోగం కోసమే చెప్పను బాబూ. వరండా కావాలంటే గోడ మీద ఉంది, హాయిగా రాసుకోండి. లోపలిది మాత్రం మీకూ లేదు, మీ పైవాళ్ళకూ లేదు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడకే అనుమానం కలిగింది. అధికారి ఫారం మీదికి వంగాడు. తర్వాత పెన్ను కదిలింది.

"ఎనిమిదో అంశం ఇదేనమ్మా," అన్నాడు. ఈసారి అతని మొహంలో నవ్వుంది. "ఈ వారం పంతొమ్మిది ఇళ్ళు చూశాను. పదకొండు ఇళ్ళలో నేనడగ్గానే చెప్పేశారు. మేడమ్, సోమవారం నుంచి పని మొదలుపెట్టండి."

తెర ఆరిపోయింది. కోడలు అత్తగారిని పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. పదిరోజులుగా కుట్లమ్మ గుండెల మీదున్న బరువు దిగిపోయింది. గెలిచానని ఆవిడకు తెలుసు, ఆ గర్వం దాచుకోవాలని కూడా అనుకోలేదు.

సోమవారం పొద్దున పెరటి గదిలోంచి టకటకమని టైపు చప్పుడు వస్తుంటే, సెలూన్ అతను వీధి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దమ్మా, నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. నిచ్చెనేమైనా ఉందా?"

"ఉంది నాయనా, తీసుకెళ్ళు," అంది కుట్లమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. "చప్పుడు చేయకుండా పక్కసందులోంచి వెళ్ళు. లోపల మా అమ్మాయి పని చేసుకుంటోంది."