త్రివేణి హంసల చూపు

ధర్మవరంలో ఆ వీధి ఆరు గంటలకల్లా మగ్గాలెక్కేస్తుంది. అంతకుముందే త్రివేణి కొళాయి దగ్గర నాలుగు బిందెలు పట్టుకోవాలి. రెండు రోజులకోసారి వచ్చే నీళ్ళు, అదీ వాటికి బుద్ధి పుడితేనే. తర్వాత టీ, టీతో పాటు ఫిట్స్ మాత్ర. ఆపైన గుంతలోకి కాళ్ళు దించి మగ్గం ముందు కూర్చుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం సంగటికే. ఎదురుగోడ పక్కనున్న మగ్గం మీద మొగుడు మారుతి. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ, మగ్గాల చప్పుడు ఎక్కువ. పద్దెనిమిదేళ్ళ కాపురం ఆ చప్పుడులోనే హాయిగా గడిచిపోయింది.

త్రివేణి చీరల అంచుల్లో హంసలుంటాయి. హంసల్ని ఎవరైనా నేస్తారు. పైన డిజైను చిల్లులు పొడిచిన జకార్డు అట్టలు తిరుగుతుంటే పిట్ట దానంతటదే దిగుతుంది. కన్ను మాత్రం త్రివేణి అట్టలకు వదలదు. చేత్తో ఒక నల్ల పట్టుపోగు దూర్చి, బిగించి, కొస కత్తిరిస్తుంది. కత్తిరించగానే హంస కన్ను తెరుస్తుంది. ఒకసారి అటూ ఇటూ చూసి, నేసిన బట్టతో పాటు నెమ్మదిగా కర్రకు చుట్టుకుపోతుంది.

ఇది వాళ్ళ నాయన వెంకటరాముడి నుంచి వచ్చిన పని. అనంతపురం నుంచి లేపాక్షి దాకా ఆ చీరలు తెలియని ఇల్లు లేదు. కొనేవాళ్ళు "చూసే హంసలేనా?" అని అడిగి మరీ తీసుకునేవాళ్ళు. అంగడివాళ్ళు చీర మడిచి చేతికిస్తూ, "బీరువాలో కలరా ఉండలు వేయొద్దమ్మా, పాపం కండ్లు మండుతాయి" అని ఒక మాట చెప్పేవాళ్ళు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకున్నది లేదు.

ఆ రోజులు తలుచుకుంటే త్రివేణికి ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పన్నెండేళ్ళప్పుడు నాయన వెంట కుందుర్పికి పోయింది. నాయన స్నేహితుడు ఎర్రన్న ఇంట్లో పెళ్ళి. పందిట్లో కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది నాయన నేసిన చీరలే కట్టుకున్నారు. నాయన పందిట్లో అడుగు పెట్టగానే అన్ని అంచుల్లోని హంసలూ తలలు తిప్పి ఆయన్నే చూశాయి. ఆయన సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. భోజనాల దాకా ఒక గుంజ చాటున నిలబడి, తెలిసిన చీర పక్కనుంచి పోయినప్పుడల్లా వంగి, "బాగుండారా?" అని గొంతు తగ్గించి పలకరించాడు. ఆయన చేతికి గంజి వాసన. ఆ చెయ్యి పట్టుకుని నిలబడినంత గర్వంగా త్రివేణి ఆ తర్వాత ఎక్కడా నిలబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన చెప్పాడు: "నీ చూపెట్లుంటే వాటి చూపూ అట్లనే ఉంటాది పాపా. కోపంతో మగ్గమెక్కొద్దు."

ఉత్త మాట కాదది. ఒక ఎండాకాలం నాయనకు కండ్లకలక వచ్చింది. ఆ వారం నేసిన చీర బత్తలపల్లెలో ఒక పెళ్ళికూతురికి పోయింది. అక్కడ హంసలన్నిటికీ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. ఇక్కడ నాయనకు తగ్గిన రోజే అక్కడ వాటికీ తగ్గింది. పెళ్ళికూతురు తల్లి మర్యాదగా రెండు డజన్ల నిమ్మకాయలు పంపింది.

నాయన పోయాడు. మగ్గం త్రివేణికి వచ్చింది. ఐదేళ్ళ కిందట ఆమెకు మెదడు జ్వరం వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ ఫిట్స్ అంటించి పోయింది. పెద్దాసుపత్రిలో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర రాసిచ్చారు. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. మొదట్లో పోయింది. తర్వాత చీరల పనిలో పడి మానేసింది. పాత చీటీ చూపిస్తే వీధి చివరి మందుల షాపులో ఎన్ని మాత్రలైనా ఇస్తారు.

పోయినేడు మాఘమాసం ముహూర్తాలప్పుడు మగ్గం మీదే ఫిట్స్ వచ్చింది. ముందుకు పడిపోయింది. పడుగులో రెండు వందల పోగులు తెగాయి. మారుతి మూడు రోజులు నడుం వంచి ఒక్కొక్క పోగూ అతికాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని త్రివేణి లోలోపలే ఏడ్చింది.

అందుకే ఈ ఏడాది ముహూర్తాలు మొదలు కాకముందే తనకు తానే ఒక ఏర్పాటు చేసుకుంది. ఒంటి పోగుతో నేసినచోట చీర పిగులుతుంది, రెండు పోగులు పెడితే నిలుస్తుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతి. మాత్రకు మాత్రం వేరే న్యాయం ఎందుకుంటుంది? పొద్దున రెండు, రాత్రి రెండు వేసుకోవడం మొదలుపెట్టింది. అదనపు మాత్రల్ని దారం చుట్టిన కండెల డబ్బాలో అడుగున దాచింది. మారుతికి తెలిస్తే భయపడి మగ్గం దిగమంటాడు.

ఫిట్స్ రాలేదు, నిజమే. కానీ నెల తిరిగేసరికి పోగులు రెండేసి కనిపించడం మొదలైంది. ఉన్న పోగని పట్టుకుంటే వేళ్ళ మధ్య గాలి. నడిస్తే కంకర రోడ్డు మీద బస్సులో నిలబడినట్టుంది. నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. ఒక పొద్దున బిందెతో వస్తూ తూలి గోడ పట్టుకుంది. ఎదురింటి నల్లమ్మ అరుగు మీద కూర్చుని అది చూసింది. నల్లమ్మ కంట పడిందంటే రేడియోలో చెప్పినట్టే.

"త్రివేణి తాగుతాండాది" అని సాయంత్రానికి వీధంతా అనుకుంది.

మారుతి ఆ మాట విన్నాడు. భార్యను అడగలేదు. నాలుగు రోజులు తనలో తాను నలిగి, ఐదోరోజు సంగటి ముద్ద పిసుకుతూ అన్నాడు: "మీ నాయన మగ్గం తీసేద్దాం. ఆ జాగాలో మర మగ్గం పెట్టిస్తా. నువ్వు ఊరికే కూర్చొని చూసుకుంటే చాలు."

"మర మగ్గంలో కన్నెవరు పెడతారు?" అంది త్రివేణి.

"కన్నేంటికి? ఊళ్ళో అందరూ కండ్లు లేని హంసలే కట్టుకుంటాండారు."

గుంత పూడ్చడానికి ఓబిలేష్ అనే మేస్త్రీతో మాట్లాడేశాడు కూడా. సోమవారం వస్తానన్నాడు ఓబిలేష్. త్రివేణి ఆ రాత్రి తినలేదు. నాయన కాళ్ళు దించిన గుంత అది. ఆయన మడమలు రాసుకుని ఒక పక్క గచ్చు నున్నగా అరిగిపోయి ఉంటుంది. అందులో మన్ను పోస్తారంటే నాయన రెండోసారి పోయినట్టే అనిపించింది. అయినా ఏ మొహంతో వద్దంటుంది? రెండేసి కనిపించే పోగులతో ఎన్నాళ్ళని నేస్తుంది?

శనివారం పొద్దున అనంతపురం నుంచి సునందమ్మ వచ్చింది, వెంట కూతురు హేమ. హేమ డాక్టరు. వచ్చే నెల పెళ్ళి. పెళ్ళిచీర పదిహేను రోజుల కిందటే ఈ ఇంటి నుంచి పోయింది. ఆ చీర ఇప్పుడు సునందమ్మ చంకలో ఉంది.

"ఏమనుకోవద్దు త్రివేణీ" అంటూ సునందమ్మ చాప మీద చీర పరిచింది. "మీ నాయన చీరతోనే నా పెండ్లి అయింది. ఆ పిట్టలు ఈ పొద్దుటికీ బంగారంగా చూస్తాయి. వీటికేమో ఏదో అయింది చూడు. కట్టుకుంటే తల తిరుగుతాండాది."

అంచు పొడవునా హంసలు. అన్నిటి కళ్ళూ ఊగుతున్నాయి. త్రివేణి వంగి చూసింది. ఆమెకు ఒక్కో హంసా రెండై కనిపించింది, ఏది ఊగుతోందో ఏది నిలిచిందో తెలియలేదు. మారుతి తల దించుకుని పలక మీద గీసినట్టు నేల మీద వేలితో గీస్తున్నాడు.

హేమ మాత్రం చీర ముందు గొంతుక్కూర్చుంది. ఒక హంస ముందు చూపుడువేలు పెట్టి, "ఇదో, నా వేలు చూడు" అంది. హంస చూసింది. వేలు ఎదురుగా ఉన్నంతసేపూ చూపు దాదాపు నిలిచింది. హేమ వేలిని కుడివైపుకు జరిపింది. హంస కన్ను వేలి వెంట పోయి, నిలవలేక మెల్లగా వెనక్కి జారి, చటుక్కున మళ్ళీ వేలి మీదకు ఎగిరింది. జారడం, ఎగరడం. ఎడమవైపూ అంతే. హేమ ఇంకో హంసను చూసింది, ఇంకోదాన్ని చూసింది. తర్వాత లేచి వచ్చి అదే వేలిని త్రివేణి మొహం ముందు పెట్టింది.

"అక్కా, ఇప్పుడు నువ్వు చూడు. తల తిప్పొద్దు, కండ్లతోనే."

త్రివేణి చూసింది. సునందమ్మ "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఫిట్స్‌కు మాత్రలు వాడుతున్నావా?" అని అడిగింది హేమ.

"వాడతాండా మేడం."

"రోజుకెన్ని?"

త్రివేణి మారుతి వైపు చూసింది. మారుతి గీయడం ఆపాడు. ఆమె లేచి, గోడ పట్టుకుని పోయి, కండెల డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. రంగు రంగుల కండెల మధ్య మాత్రల అట్టలు పడ్డాయి.

"రాసిచ్చింది రెండు. నేను నాలుగేస్తాండా. మళ్ళా పడుగు మీద పడతానేమోనని."

హేమకు కోపం రాలేదు, లేదా వచ్చినా దాచుకుంది. "ఈ మందు ఒక హద్దు దాటినాక కొంచెం పెంచినా రక్తంలో చాలా పెరిగిపోతుంది అక్కా. అప్పుడు కన్నును ఒకచోట నిలిపే శక్తి తప్పుతుంది. కన్ను ఊగుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, కాళ్ళు తూలుతాయి, మాట తడబడుతుంది. తెలియనివాళ్ళు చూస్తే తాగినారనుకుంటారు."

మారుతి తలెత్తాడు.

"అయితే ఈ పొద్దే మొత్తం మానేస్తా" అంది త్రివేణి.

"ఆ పని అసలు చేయొద్దు! ఒక్కసారిగా మానితే ఫిట్స్ ఇంకా గట్టిగా వస్తాయి. ఇప్పుడే నాతో అనంతపురం రా. రక్తపరీక్ష చేసి, మా పెద్ద డాక్టరు చెప్పినట్టు తగ్గిద్దాం."

మారుతి చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వాళ్ళ వెంట కారెక్కాడు. దారిలో ఓబిలేష్‌కు ఫోన్ చేసి, సోమవారం వద్దు, మళ్ళీ చెప్తానన్నాడు.

మందు ఎంతో ఎక్కువైందని పరీక్షలో తేలింది. పెద్ద డాక్టరు రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచుకుని, తర్వాత కొత్త లెక్క రాసిచ్చి పంపాడు. సునందమ్మ పెళ్ళిచీరను వెనక్కి ఇవ్వలేదు. హాల్లో దండెం మీద ఆరేసి, రోజూ కాఫీ తాగుతూ హంసల్ని చూసి ఫోన్ చేసేది.

"ఈ పొద్దు జారేది తగ్గింది త్రివేణీ."

"ఈ పొద్దు ఎడమవైపు బాగా నిలుస్తాండాయి. కుడివైపే రవంత."

హేమ కూడా ఆసుపత్రికి పోతూ పోతూ వేలు చూపించి పోయేది. పన్నెండో రోజు సునందమ్మ ఫోన్‌లో ఏడ్చేసింది. "నిలిచినాయి. అచ్చం మీ నాయన పిట్టల మాదిరే చూస్తాండాయి నన్ను."

ఆ మధ్యాహ్నం హేమ అనుమతి తీసుకుని త్రివేణి మగ్గం మీద కూర్చుంది. పోగులు ఒక్కొక్కటిగా ఉన్నాయి. ఎంత సన్నగా, ఎంత చక్కగా ఉన్నాయో! చాలా రోజుల తర్వాత పుట్టింటి వాళ్ళను చూసినట్టు వాటిని చూసుకుంది. సాయంత్రానికి కొత్త చీరలో మొదటి హంస దిగింది. నల్ల పోగు దూర్చి, బిగించి, కొస కత్తిరించింది.

హంస కన్ను తెరిచింది. అటూ ఇటూ చూడలేదు. గదికి అటువైపు ఎదురుగోడ పక్కనున్న మారుతిని చూసి, అతని మీదే చూపు నిలిపింది. మారుతి కాసేపు నేసినట్టు నటించాడు. పక్కకు తిరిగాడు. నీళ్ళు తాగి వచ్చాడు. హంస రెప్ప వేయలేదు. చివరికి పోగు తోసే నాడె కింద పెట్టేశాడు.

"నువ్వు నిద్రపోయినాక నీ నోటి దగ్గర వాసన చూసినా, మే. మూడుసార్లు."

త్రివేణి చేతులు ఆగిపోయాయి. "వాసన వచ్చెనా?"

"రాలే. అయినా వీధి మాటే నమ్మితి."

"ఒక్క మాట నన్నడిగింటే అయిపోవు కదప్పా."

"అడిగితే అవునంటావేమోనని భయం."

ఆమెకు కోపం వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కండెల డబ్బాను ఎందుకు దాచిందో తనకూ తెలుసు. "నేనూ అంతేలే" అంది, చెంగుతో మొహం తుడుచుకుని. "చెప్తే మగ్గం దిగమంటావని నాకు భయం."

ఫోన్ మోగింది. ఓబిలేష్. బండెడు మన్ను సిద్ధంగా ఉందని, ఎప్పుడు తోలమంటారని అడిగాడు.

"వద్దప్పా" అన్నాడు మారుతి. "ఆ గుంతలో నా పెండ్లాం కూర్చొనుండాది."

ఫోన్ పెట్టేసి తన మగ్గం మీదకు పోయి నాడె అందుకున్నాడు.