ఎర్ర వెలుగు, నీటి వంతు

ముప్పై నాలుగో బుట్ట నింపుతుండగా ఛోస్పెల్ చేతికి మళ్ళీ మెత్తగా ఏదో తగిలింది. పైకి లాగాడు. తెల్లటి తడి కాగితం. మొహాలూ ఇంకా ఏవేవో తుడుచుకుని పడేసేది. పేరుకే కాగితం. చిరగదు, కుళ్ళదు, కాలబెడితే నల్లగా ముద్దకట్టి కంపు కొడుతుంది. రెండు వేళ్ళతో పట్టుకుని పక్కనున్న గోనెసంచిలో పడేశాడు. సంచి అప్పటికే సగం నిండింది.

అది రిగ్జిన్ వాళ్ళ ఇంటి మరుగుదొడ్డి కింది గది. పై గదిలో మట్టి నేల మధ్య ఒక కంత, మూలన మట్టి గుట్ట, దానిలో గుచ్చిన పార. పని అయ్యాక రెండు పారల మట్టి కంతలోకి తొయ్యాలి. నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. ఆ ఊళ్ళో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతే. చలికాలమంతా కింద పడ్డదీ, మట్టీ, పొయ్యిలో బూడిదా కలిసి ఎండిపోయి, మే నెల వచ్చేసరికి టీపొడిలా పొడిపొడిగా అవుతుంది. వాసనే ఉండదు. దోసిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది.

ఛోస్పెల్‌కి పెంటను చూసి ఎప్పుడూ రోత పుట్టలేదు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. పొట్టిగా, మోకాళ్ళ దగ్గర కొంచెం వంగి ఉంటాడు. ఎండకీ చలికీ బుగ్గల మీద చర్మం పాత జోళ్ళ తోలులా పగిలింది. కుడిచేతి చిటికెన వేలుకి గోరు లేదు. వయసులో రోడ్ల పనిలో రాళ్ళు కొట్టేటప్పుడు పోయింది. కొండ మీద నక్షత్రాలు చూసే తెల్ల గుమ్మటం కట్టినప్పుడు సిమెంటు బస్తాలు మోసింది కూడా అతనే. గుమ్మటం లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. ఎవరూ రమ్మనలేదు, అతనూ అడగలేదు.

అతనికంటూ ఉన్నది ఏటి పక్కన ఒక్క మడి. భార్య డెచెన్ బతికుండగా ఇద్దరూ తొమ్మిదేళ్ళు రాళ్ళు ఏరి, గోడ కట్టి, ఆ నేలచెక్కను పొలం చేశారు. ఇసుక నేల. ఏటేటా ఎరువు పడకపోతే బార్లీ జానెడు కూడా లేవదు. మేకలు లేవు, గొర్రెలు లేవు. అందుకని రిగ్జిన్ తండ్రి రోజుల్లోనే ఒక మాట అనుకున్నారు. ఛోస్పెల్ ఆ ఇంటి దొడ్డి శుభ్రం చేస్తాడు, ఆ ఎరువంతా తన మడికి తీసుకుపోతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే నడుస్తోంది. ఆ మడి గింజలు వేయించి పట్టించిన పిండే అతనికి ఏడాది తిండి.

మర్నాడు తెల్లవారుజామున కాలువ నీళ్ళు అతని వంతు. ఆలోపు ఎరువు చల్లెయ్యాలి. నీళ్ళు పారి నేల నానితే, నాలుగు రోజులకి దున్ని విత్తుతారు. ఈ వంతు తప్పితే మళ్ళీ పన్నెండు రోజులు. పన్నెండు రోజులు ఆలస్యంగా వేసిన బార్లీ గింజ కట్టకముందే మంచుకి మాడిపోతుంది. అలా ఒక ఏడు జరిగింది. ఆ శీతాకాలం అతను ఇళ్ళ వెంట తిరిగి పిండి అడిగి తెచ్చుకున్నాడు. పెట్టినవాళ్ళు బాగానే పెట్టారు. ఆ సంచి పట్టుకుని గడపలో నిలబడటమే అతనికి ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

ఈసారి గుంట పైపైన ఎండినట్టు కనిపించినా లోపలంతా నల్లటి బురద. పోయిన వేసవి నుంచీ రిగ్జిన్ ఇంట్లో అతిథులను పెడుతున్నాడు. వాళ్ళు మట్టి తొయ్యరు. చెంబులతో నీళ్ళు పోస్తారు. బురదలో ఛోస్పెల్‌కి నూడుల్స్ డబ్బాలు దొరికాయి, పళ్ళు తోముకునే బ్రష్షు దొరికింది, నెత్తుటి దూది పొట్లాలు దొరికాయి. అన్నిటినీ చేత్తోనే ఏరాడు. వేళ్ళు కడుక్కున్నా ఆ కంపు పోవడం లేదు. పొద్దున పేలపిండి ముద్ద నోటిదాకా తెచ్చి, వాసన తగిలి, గిన్నెలోనే పడేశాడు.

దానికి తోడు మొన్న రాత్రి ఉత్తరపు కొండల వెనక ఎర్ర వెలుగు వచ్చింది. ఎక్కడో భూమి కొసన మంచుదేశాల్లో కనిపించాల్సిందట. ఇంత దక్షిణానికి రావడం తాతల నాటి నుంచీ ఎవరూ ఎరగరు. గుమ్మటం దగ్గరి కెమెరా దాన్ని పట్టుకుంది. ఆ ఫొటో ఫోన్లలో తిరిగింది. నిన్న సాయంత్రానికి లేహ్ నుంచి జీపులు బారులు తీరాయి. ఆరుగురు పట్టే ఇంట్లో ఇరవై రెండుమంది దిగారు.

కున్జెస్ పొద్దున్నే పై గది తలుపుకి పెద్ద రాయి అడ్డం పెట్టింది. కున్జెస్ రిగ్జిన్ భార్య. ఇవాళ కింద మనిషి పనిచేస్తున్నాడు, వెనక గుడిసెలో దొడ్డి వాడండని ప్రతి ఒక్కరికీ చెప్పింది. ఛోస్పెల్ ముప్పై నాలుగో బుట్ట వీపుకెత్తుకోబోతుంటే పైన రాయి జరిగిన చప్పుడైంది. అతను అరిచేలోపే కంతలోంచి పెంట నెత్తి మీద పడింది. వెనకే చెంబెడు నీళ్ళు. టోపీ మీదా, మెడలోకీ, బుట్టలోని పొడి ఎరువులోకీ.

అతను బయటికొచ్చి వంగి, ఏమీ తినని కడుపుతో వాంతి చేసుకున్నాడు. పసుపు నీళ్ళు పడ్డాయి. ఎడమ భుజం పట్టుకుని గోడకి ఆనుకుని, ఊపిరి అందేదాకా కదల్లేదు.

నారింజ రంగు జాకెట్ వేసుకున్న మనిషి మెట్లు దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మెడలో పెద్ద కెమెరా. చూసి మొహం చిట్లించి, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సారీ అంకుల్, కింద మనుషులుంటారని నాకేం తెలుసు?"

"రాయి దానంతటది వచ్చి కూర్చుందనుకున్నావా?"

ఆ మనిషి నవ్వబోయి మానేశాడు. ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు ఫోన్ తీసి మొన్నటి ఫొటో చూపించాడు. కొండల మీద ఆకాశమంతా కుంకుమ పోసినట్టు ఎర్రగా ఉంది. ఛోస్పెల్ మెడ తుడుచుకుంటూ చూశాడు.

"మొన్న రాత్రి నేనూ బయటే ఉన్నా. ఎర్రగా లేదే. బూడిద రంగులో ఏదో మసకమసగ్గా ఉంది."

ఆ మనిషికి ఇది ఇష్టమైన విషయం. ఇక్కడ కంటికి అంతకంటే కనిపించదనీ, కెమెరా అరనిమిషం పాటు కన్ను తెరుచుకుని వెలుగంతా పోగుచేసుకుంటుందనీ, అప్పుడు ఎరుపు తేలుతుందనీ ఓపిగ్గా చెప్పాడు. ఈ రాత్రి మళ్ళీ రావచ్చట.

"అయితే కనపడనిదాన్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చారు. కనపడే రాయిని మాత్రం చూళ్ళేదు."

ఛోస్పెల్ టోపీని కాలువలో రెండుసార్లు ఉతికి, ముక్కు దగ్గర పెట్టుకుని, మూడోసారి ఉతక్కుండా గోనెసంచిలో పడేశాడు. అది డెచెన్ అల్లిన టోపీ.

మధ్యాహ్నం కున్జెస్ ఉప్పు టీ పట్టుకొచ్చింది. అతని దగ్గరికి వచ్చినా ముక్కు మూసుకోలేదు. మడి దాకా వచ్చి గోడ మీద కూర్చుంది. రిగ్జిన్ నీళ్ళు పోసే మరుగుదొడ్డి కట్టించాలనుకుంటున్నాడని, ఈ మడిలో గుడారాలు వేస్తే బాగుంటుందని అంటున్నాడని నేల చూస్తూ చెప్పింది.

"నువ్వేమన్నావు?" అని అడిగాడు.

"'బాబాయ్ అని పిలుస్తావుగా, ఆయన్నే అడుగు, నన్నెందుకు అడుగుతావు' అన్నాను."

"అడగడు. విత్తేశాక ఎలాగూ అడగలేడు. పచ్చగా లేచిన పైరు మీద గుడారం వేసే మొగాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు అమ్మాయ్."

కున్జెస్ నవ్వింది. ఇంటికి పోయి పడుకో, మొహం మట్టి రంగుకి తిరిగింది అంది. నీళ్ళు వచ్చాక పడుకుంటానన్నాడు.

తడిసిన ఎరువు బరువెక్కింది. మామూలుగా ఏకబిగిన ఇరవై బుట్టలు మోసేవాడు, ఇప్పుడు ప్రతి మూడు బుట్టలకీ కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి ఆఖరి బుట్ట మడిలో పడింది. ఇంక దాన్ని మూడు కొమ్ముల ఇనప కర్రతో చెదరగొట్టి, మిగిలిపోయిన తడి కాగితాలు ఏరెయ్యాలి. అవి నీళ్ళకి కొట్టుకుపోయి, మడిలోకి నీళ్ళు వదిలే మడవలో అడ్డం పడితే అందరి కాలువా ఆగుతుంది. గోడ మీద టార్చి పెట్టి, దాని వెలుగులో పని మొదలుపెట్టాడు.

కాసేపటికే పై మిట్ట మీద నుంచి కేకలు మొదలయ్యాయి. లైటు ఆర్పమని ఒకరు, ఎవడా తెలివితక్కువవాడని ఒకరు. చీకట్లో ఇరవైమంది కెమెరాలు నిలబెట్టుకుని ఉన్నారు. చిన్న దీపం వెలిగినా వాళ్ళ ఫొటో పాడవుతుందట. రిగ్జిన్ తడుముకుంటూ దిగి వచ్చాడు.

"బాబాయ్, ఒక్క గంట ఆర్పెయ్యవా. వాళ్ళు దీనికోసమే వచ్చారు."

"నేను నీళ్ళకోసం వచ్చాను."

"ఊరంతటికీ ఇదే తిండి పెడుతోంది బాబాయ్ ఇప్పుడు."

ఛోస్పెల్ అతని మొహం కేసి టార్చి వెయ్యలేదు. గోడ వైపు తిప్పి ఆర్పేశాడు. రిగ్జిన్ వెళ్ళిపోయాడు. ఛోస్పెల్ మోకాళ్ళ మీద కూర్చుని, చీకట్లో అరచేతులతో నేలంతా తడుముతూ వెళ్ళాడు. తడిగా జారిందల్లా కాగితం, పొడిగా రాలిందల్లా ఎరువు. ఒక్కోటి లాగి సంచిలో వేస్తూ మడి ఈ చివరి నుంచి ఆ చివరికి పాకాడు. మిట్ట మీద ఎవరో వచ్చింది వచ్చింది అన్నారు, అందరూ గుసగుసలాడారు. అతను తలెత్తలేదు. పని అయ్యాక కర్రను కొమ్ములు పైకి ఉండేలా మడి మధ్యలో గుచ్చి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.

తెల్లవారుజామున కాలువలో నీళ్ళు వచ్చాయి. మడవ తెరిచేవాళ్ళు లేక అవి పొంగి దారి మీద పడుతుంటే చూసి కున్జెస్ పరిగెత్తుకొచ్చింది. ఛోస్పెల్ గోడకి ఆనుకునే ఉన్నాడు. రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. వాటి మీద ఎరువు ఎండిపోయింది. ఆమె అతని బుగ్గ తాకి చూసింది. తర్వాత లేచి, ముందు మడవ తెరిచింది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా మడంతా పారాయి. అప్పుడు కూర్చుని ఏడ్చింది.

నాలుగో రోజు కున్జెస్ పక్కింటివాళ్ళ ఎడ్లను అడిగి తెచ్చి దున్నించి, ఛోస్పెల్ దాచుకున్న విత్తనాలు చల్లింది. రిగ్జిన్ అడ్డు చెప్పలేదు. మధ్యలో గుచ్చి ఉన్న కర్రను మాత్రం పీకనివ్వలేదు. అప్పటికే అతని ఫోన్‌కి ఆ ఫొటో వచ్చింది. నారింజ జాకెట్ మనిషి తీసింది. ఎర్రటి ఆకాశం, కింద నల్లటి పొలం, పొలం మధ్య ఒక కర్ర, దాని కొసన తెల్లగా ఒక జెండా. మారుమూల హిమాలయ గ్రామంలో ఎవరో భక్తుడు నిలబెట్టిన ప్రార్థన పతాకం అని కింద రాశాడు. వేలమంది చేతులు జోడించారు. ఆ జెండా దగ్గరే ఫొటో తీసుకోవాలని వచ్చే వారానికి మూడు జీపులవాళ్ళు అడిగారు.

కున్జెస్ రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసి చూసింది. ఫోన్ భర్త చేతిలో పెట్టేసి, పెరట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది.

జూన్ నెలాఖరుకి మడిలో బార్లీ మోకాలెత్తు లేచింది. దాని మధ్య మూడు కొమ్ముల కర్ర తుప్పు పట్టి నిలబడి ఉంది. నడిమి కొమ్ముకి చిక్కుకున్న తడి కాగితం ఎప్పుడో ఎండిపోయింది. చిరగలేదు, కుళ్ళలేదు, తెల్లగా గాలికి ఆడుతోంది.