నాన్న వేళ్ళ కొలత

మా నాన్న లేత్ మేస్త్రీ. డెబ్బై దాటినా ఆ మిషను ముందు నుంచి లేవడు. ఇరవయ్యేళ్ళుగా అదే షెడ్డులో నేనూ అదే పని చేస్తున్నా, ఎవరైనా వస్తే "మా అమ్మాయి కూడా అప్పుడప్పుడు చెయ్యి పెడుతుంది" అంటాడు. పోయిన నెల నేను తీసిన షాఫ్టు మీద గోరు గీసి, "గరుకు" అని నలుగురి ముందూ నేలకేసి కొట్టాడు. గరుకూ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ రోజు నా కడుపు మండిపోయింది.

ఆయన కొలత పరికరాలు ముట్టుకోడు. బేరింగులో వేలు పెట్టి తిప్పి, కడ్డీని గోటితో తడిమి, ఇక చాలంటాడు. నేను వెర్నియర్ తీస్తే చాలు, "గోటితో పోయేదానికి గొడ్డలెందుకే?" అని ఎగతాళి. బేరింగు అంచున చెక్కిన నంబరు చదవడం ఆయన దృష్టిలో చేతకానివాళ్ళ పని. ఎలాగూ ఆ అంకెలు ఇప్పుడు ఆయన కళ్ళకి ఆనవు.

ఒక పళ్ళ డాక్టరు తాతల కాలం నాటి మోటారు సైకిలు తెచ్చాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే దాని ఫోర్కులు పీకేసి, కొత్త బండి ఫోర్కులు ఎక్కించాలట. ఫోర్కులు రెండూ ఒక దిమ్మకి బిగుస్తాయి. ఆ దిమ్మ మధ్యలోంచి లేచే ఉక్కు కడ్డీ బండి మెడలోకి దూరి బేరింగుల మీద తిరగాలి. కొత్త బండి కడ్డీ పాత మెడకి సరిపోదు కాబట్టి ఉక్కు చెక్కి వేరేది తియ్యాలి, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"నేను తీస్తాను డాక్టరుగారూ," అన్నాను.

నాన్న నవ్వాడు. "దీని చేతికిస్తే మీ పళ్ళు మీరే కట్టుకోవాలి. నేను తీస్తా. కుదరలేదా, రేపట్నుంచి ఈ మిషను దీనిదే."

డాక్టరూ నవ్వాడు. నేను నోట్లో వేలు పెడితే కొరకలేనిదానిలా నిలబడ్డాను.

బేరింగు నేనే తెచ్చిచ్చాను. చూడ్డానికి బండికి వేసేదే. లోపలి కన్నం మాత్రం పావు మిల్లీమీటరు చిన్నది. రెండు రోజులు చెమటోడ్చి ఆ కన్నానికి తగ్గట్టు కడ్డీని సన్నం చేశాడు నాన్న. అబద్ధమెందుకు, అంత చక్కటి పని నా జన్మలో చూడలేదు. ఆయన భోజనానికి లేవగానే ఆ బేరింగు దాచేసి, అసలైన బేరింగులు బండి మెడలో పెట్టాను.

డాక్టరు కళ్ళెదుటే బిగించాం. ఫోర్కులు పట్టుకుని ఊపితే కడ్డీ లోపల లొడలొడలాడింది. లావుంటే మళ్ళీ తీయొచ్చు, సన్నబడ్డ ఉక్కుకి మందు లేదు. నాన్న దాన్ని బయటికి లాగి గోటితో గీశాడు, బేరింగులో వేలు పెట్టి తిప్పాడు, మళ్ళీ గీశాడు. బేరింగు మారిందన్న అనుమానమే రాలేదాయనకి. నాకు అంత పని తెలుసని ఏనాడైనా అనుకుంటే కదా!

"నా వేళ్ళు పోయాయమ్మా," అన్నాడు.

నాకు జాలెయ్యలేదు. హాయిగా అనిపించింది. మర్నాడు వెర్నియర్ పెట్టి ఇంకో కడ్డీ తీశాను. హ్యాండిలు చిటికెన వేలితో తిప్పితే తిరిగింది. డాక్టరు నన్ను "మేస్త్రీగారూ" అని పిలిచాడు.

ఇప్పుడు నాన్న షెడ్డు బయట కుర్చీలో కూర్చుంటున్నాడు. చొక్కా బొత్తాలు సరిగ్గా పడ్డాయా అని నన్నే అడుగుతాడు. తలుపు తాళం పడిందా అనీ నన్నే అడుగుతాడు. నిన్న పొయ్యి మీంచి దింపిన టీ అలాగే స్టీలు గ్లాసులో పోసి చేతికిచ్చాను.

"వేడిగా ఉందామ్మా?"

"లేదు నాన్నా. చల్లారిపోయింది."

గ్లాసు గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వదల్లేదు.

"అవునమ్మా," అన్నాడు. "చల్లగానే ఉంది."