దొంగ కొమ్మ

ఉడికిన మొక్కజొన్నను పిండిమరలోకి తోసీ తోసీ ఒబ్దూలియా వేళ్ళు కణుపుల దగ్గర బిగిసిపోయాయి. మధ్యాహ్నం ఇంటికి రాగానే ఆ వేళ్ళతోనే పెరట్లో మిర్తో ఆకు ఒకటి నలిపి వాసన చూసింది. మంచినీళ్ళు తాగడం ఆ తర్వాతే.

మిర్తో అంటే ఎర్రపూల సాల్వియా. వాళ్ళమ్మ నాటిన దుబ్బు. చలికాలం చివర ఒబ్దూలియా దాన్ని జానెడు మోళ్ళు మిగిలేలా కోసేసింది. బట్టలు కుట్టే పక్కింటి ఎల్వీరా గోడ మీదుగా తొంగిచూసి, "చంపేశావు కదా వదినా. ఇక పొయ్యిలో పెట్టుకో," అంది. వీధంతా చెప్పింది కూడా. కొడుకు ఫిదెల్ పెరడంతా సిమెంటు చేయిద్దామన్నాడు.

"నేను పోయాక చేయించుకోరా," అంది ఒబ్దూలియా. అప్పటినుంచి ఆ మాట ఆమెకే గుచ్చుకుంటోంది. తనతోపాటే మొక్కా పోతుంది. ఎవరికైనా ఇద్దామంటే, ఇచ్చిన కొమ్మ వేరు పట్టదు. దొంగిలించిన కొమ్మే బతుకుతుందని ఆ ఊరి నమ్మకం.

ఇప్పుడది నడుమెత్తు లేచి నిండా పూసింది.

సాయంత్రం ఎల్వీరా శాలువా కప్పుకుని వచ్చింది. దూరాన తిహువానా నగరంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక అక్కడే ఉండిపోవడానికి.

"వెళ్తున్నా వదినా. అక్కడ మట్టి కూడా లేదట, అన్నీ కుండీలేనట." ఆమె చూపు పూల మీద నుంచి కదలలేదు. "ఇది చచ్చిందనుకున్నా."

"నువ్వనుకున్నావు. దానికి ఆ సంగతి తెలీలేదు పాపం."

ఎల్వీరా మూతి ముడుచుకుంది.

"కూర్చో, కాఫీ పెడతా. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా, ఆలస్యమవుతుంది."

ఒబ్దూలియా లోపలికెళ్ళి గుమ్మం వైపు వీపు తిప్పి నిలబడింది. కావాలనే మూత కింద పడేసింది. గిన్నెలు ఒకదానితో ఒకటి మోగించింది. కాఫీలో దాల్చినచెక్క వేసి, మరిగిపోతున్నా దించలేదు. పెరట్లో టక్కుమని చిన్న చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు. నవ్వు మాత్రం చెవులదాకా పాకింది.

కాఫీ తాగేటప్పుడు ఎల్వీరా శాలువా గుండెల దగ్గర బిగించి పట్టుకునే ఉంది. అందులోంచి నలిగిన ఆకు వాసన వస్తోంది. ఇద్దరూ కృతజ్ఞతల మాట ఎత్తలేదు. లోపలిది నలగకుండా, పక్కకు ఒరిగి కౌగిలించుకున్నారు.

"ఆరోగ్యం జాగ్రత్త వదినా."

"ఎండ తగిలేచోట ఉండు," అంది ఒబ్దూలియా.

మలుపులో బస్సు హారన్ వినిపించి, సద్దుమణిగింది. ఒబ్దూలియా గ్లాసులు కడగడానికి పెరట్లో బట్టలుతికే రాయి దగ్గరికెళ్ళింది. రాయి మీద ఎల్వీరా కత్తెర ఉంది, వీధిలో ఎవరికీ ఎన్నడూ అరువివ్వనిది. దాని రెండు అంచుల మధ్య ఒక ఎర్రరేకు ఇరుక్కుని ఉంది.