వలయం కట్టని బిళ్ళ

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వసారాలో స్త్రీల సమాజం వాళ్ళు చాప పరుచుకుని కూర్చుంటారు. మధ్యలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. అందులో ఉండేవి మందుబిళ్ళలు. ఎవరింట్లోనైనా దగ్గో జ్వరమో వచ్చి రెండు రోజుల్లో తగ్గిపోతే, మిగిలిన బిళ్ళలను పారేయకుండా తెచ్చి ఆ డబ్బాలో వేస్తారు. కొనుక్కోలేని వాళ్ళకు అందులోంచి నాలుగేసి తీసి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి ఇస్తారు. ఉదయగిరి కొండ కింది ఆ పల్లెలో ఇది పదిహేనేళ్ళ ఆనవాయితీ. చూసినవాళ్ళు ఎంత మంచి మనసులు అనుకుంటారు. నిజంగా మంచి మనసులే. ఆ డబ్బా బాధ్యత చూసేది రెబెకమ్మ. ఆమె కూతురు సుజన.

ఆ ఆదివారం కూలిపనికి పోయే వెంగమ్మ రెండేళ్ళ కామాక్షిని చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, పాపకి దగ్గు పట్టుకున్నాది. రాత్రంతా నిద్ర లేదు."

"నీ బిడ్డకి దగ్గు కాకపోతే ఏం పడతాదే? చెరువు గట్టున గాలికి తిప్పుకుంటా ఉండావు గదా!" అని కసురుతూనే రెబెకమ్మ నాలుగు తెల్లబిళ్ళలు తీసి కాగితంలో చుట్టింది. "సగం సగం ఇయ్యి. తగ్గినాక మిగిలినవి తెచ్చెయ్యి."

సుజన ఆత్మకూరులో ఒక సర్వే ఆఫీసులో ల్యాబ్ పని చేసేది. పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే క్రిములు ఏ మందుకు చస్తున్నాయి, ఏ మందుకు మొండికేస్తున్నాయి అని చూసే సర్వే అది. జీపులో పల్లెలు తిరిగి, దగ్గే పిల్లల ముక్కులోంచి దూదిపుల్లతో నమూనా తీసేవాళ్ళు. దాన్ని రక్తం కలిపిన గాజుపళ్ళెంలో పెంచి, పైన రకరకాల మందుల చిన్న చిన్న బిళ్ళలు అతికించేవాళ్ళు. మందు పనిచేస్తే దాని చుట్టూ క్రిములు చచ్చి, ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయకపోతే క్రిములు ఆ మందు అంచుదాకా వచ్చి ఆగుతాయి. సుజన తక్కువ మాట్లాడే పిల్ల. ఆ పళ్ళేలను మాత్రం గంటల తరబడి చూసేది.

మంగళవారం జీపు వాళ్ళ పల్లెకే వచ్చింది. కామాక్షి ముక్కులో పుల్ల పెట్టింది సుజనే. బిడ్డ గింజుకుంటుంటే వెంగమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. సీసా మీద ముప్పై ఎనిమిది అని రాశారు. ఆ తరువాత ఆ బిడ్డకు పేరు లేదు. పేర్ల జాబితా బీరువాలో పెట్టి తాళం వేయడం ఆఫీసు పద్ధతి.

గురువారం పొద్దున సుజన ముప్పై ఎనిమిదో పళ్ళెం తీసింది. అమ్మ డబ్బాలోంచి ఇచ్చే ఆ తెల్లబిళ్ళ మందు చుట్టూ వలయం లేదు. క్రిములు దాన్ని ఆనుకుని దట్టంగా పెరిగాయి. ఆ నెలలో అలా వలయం కట్టనిది అది ఇరవయ్యో పళ్ళెం. పక్కనే పాతకాలపు పెన్సిలిన్ మందు చుట్టూ మాత్రం రూపాయి బిళ్ళంత వలయం కట్టింది. ఆ సూదిమందు పక్క వీధిలోని గవర్నమెంటు ఆసుపత్రిలో ఉంది. కొనక్కర్లేదు కూడా.

ఆమె పళ్ళెం పట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది.

"సార్, ఈ పాపకు తెల్లబిళ్ళలు పనిచేయవు. వాళ్ళింటికి కబురు పంపిద్దాం."

ఆయన కళ్ళజోడు తీయలేదు. "ఎవరి పాప? నీకు నంబరు తెలుసు, అంతే. మార్చిలో రిపోర్టు వెళుతుంది. పైవాళ్ళు చూసి నిర్ణయిస్తారు. ఊళ్ళల్లో చెప్పామంటే గగ్గోలు పుడుతుంది. మనం చూడటానికి వచ్చాం, వైద్యం చేయడానికి కాదు."

సుజన "సరే సార్" అన్నది. అవును, అన్నది. గురువారం, శుక్రవారం తల వంచుకుని పని చేసింది.

వారమంతా ఆత్మకూరులోనే ఉండే సుజన శనివారం మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి పోతూ వెంగమ్మ గుడిసె ముందు ఆగింది. బిడ్డ ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. "మీయమ్మ ఇంకో నాలుగు ఇచ్చినాది సుజనమ్మా. అయినా తగ్గలే" అన్నది వెంగమ్మ.

సుజన బిడ్డను లాక్కుని బస్సెక్కింది. వెనకాలే వెంగమ్మ. ఆత్మకూరు చేరేసరికి సాయంత్రమైంది. ఆసుపత్రిలో సూదిమందు వేశారు. ఆదివారం తెల్లవారాక కామాక్షి పోయింది.

"రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేదమ్మా" అన్నాడు డ్యూటీ డాక్టరు, ఎవరినీ నిందించకుండానే.

మట్టి చేసి వచ్చాక రెబెకమ్మ గడప మీద కూలబడింది. "నా చేత్తో ఇచ్చినానే! ప్రార్థన చేసి ఇచ్చినానే!"

"నాలుగు బిళ్ళలకి క్రిమి చావదమ్మా, తట్టుకోవడం నేర్చుకుంటాది. ఈ ఇంట్లో రెండు, ఆ ఇంట్లో నాలుగు అని పదిహేనేళ్ళుగా మనమే దానికి నేర్పినాం."

రెబెకమ్మ తల ఎత్తింది. "నీకెప్పుడు తెలిసినాది?"

"గురువారం."

"గురువారమా!" ఆమె లేచి నిలబడింది. "నేను తెలవక చేసినాను. నువ్వు తెలిసి నోరు మూసుకున్నావు. చదివించింది ఇందుకా మే నిన్ను?"

ఆ సాయంత్రమే రెబెకమ్మ డబ్బాలోని బిళ్ళలన్నీ గుంతలో పోసి పూడ్చేసింది.

సోమవారం సుజన వెంగమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. డాక్టరు లేచి, "పాపం, జరక్కూడనిది జరిగింది. కానీ ఇది పరిశోధనమ్మా. ఒక్కరి కోసం చేసేది కాదు, దేశం కోసం" అన్నాడు.

"దేశంలో మా పల్లె లేదా సారూ?" అన్నది వెంగమ్మ. గొంతు పెద్దది కాదు, కానీ గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. "ముక్కులో పుల్ల పెడతా ఉంటే నా బిడ్డ గింజుకున్నాది. నేనే చేతులు పట్టుకున్నాను, మీకేదో తెలస్తాదని. తెలిసినాక నాకు చెప్పకపోతే, ఇంక ఎవురికి చెప్పాలని తీసుకున్నారు సారూ?"

డాక్టరు సుజన వైపు తిరిగాడు. "ఈమెను తెచ్చింది నువ్వేనా? ఉద్యోగం ఉంచుకోవాలని లేదా?"

సుజన బల్ల మీది తాళంచెవి తీసుకుని బీరువా తెరిచింది. ఆమెను ఆపడానికి ఎవరూ లేవలేదు. పేర్ల జాబితా బయటికి తీసి, వలయం కట్టని ఇరవై నంబర్లకూ ఒక్కొక్కటిగా పేర్లు రాసింది. అనంతసాగరంలో ముగ్గురు, వింజమూరులో ఐదుగురు, సోమశిలలో నలుగురు, ఉదయగిరి పల్లెల్లో ఎనిమిదిమంది. ఆ ఎనిమిదిలో ఒక పేరు దగ్గర కలం ఆగింది. దాన్ని కొట్టేయలేదు. మిగిలినవాళ్ళంతా ఇంకా ఊపిరి తీస్తూ ఉండవచ్చు.

కాగితం మడిచి చేతిలో పట్టుకుని, ఏడాదిగా ఏ మాటకైనా చివరికి "సరే సార్" అంటూ వచ్చిన ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి అన్నది:

"ఉద్యోగం మీరే ఉంచుకోండి సార్. ఎవరి ఒంట్లోంచి తీసి చూశామో వాళ్ళకే ముందు చెప్పాలి. చెప్పకుండా దాచిన ప్రతి కాగితం కిందా మనం చంపిన మనిషి ఒకరు ఉంటారు."