మూడు సానరాళ్లు, ఒక క్లోజప్పు

హీరోల వెనక నిలబడి తలూపడమే సత్యనారాయణమూర్తి నటన. కోర్టు సీన్లో ప్లీడరు వెనక తలూపాడు, పెళ్లి సీన్లో పురోహితుడి వెనక తలూపాడు. అలాంటివాడికి ఇన్నేళ్లకి క్లోజప్పు పడింది. సెలూన్ నడిపే పాత్ర. చొక్కా చేతులు మడిచి హీరో చెంపకి నురగ పూసే సగం పోయినవారమే తీసేశారు. మిగిలిన సగంలో కత్తి హీరో మెడ మీద ఆగుతుంది, కెమెరా ఈయన చేతి మీంచి మొహం మీదికొస్తుంది. ఇది కుదరకపోతే మళ్లీ తలూపుడే గతి.

ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్లిచ్చే మొద్దుకత్తితో మొహంలోకి భయం రాదని ఆయన నమ్మకం. అందుకని సొంతంగా క్షవరం కత్తి కొన్నాడు. దానికి పదును పెట్టాలిగా! టోలిచౌకి కొట్లో తిరుమలేశ్ మూడు సానరాళ్లు ముందు పెట్టాడు: నల్లది, పచ్చటిది, పాలరంగుది. మూడూ తీసుకుపోయి, నచ్చింది ఉంచుకుని మిగతావి వాపసియ్యమన్నాడు.

"జర చెయ్యి మీద గీకి చూడు సార్. ఎంటిక సప్పుడు లేకుండ తెగితే గదే నీ రాయి."

మధురానగర్ ఇంట్లో పరీక్ష మొదలైంది. నల్లరాయికి మణికట్టు దగ్గర బెత్తెడు మేర ఇచ్చాడు. తెగాయి గానీ కాస్త గరగరమన్నాయి. పచ్చరాయికి మోచేతి దాకా ఇచ్చాడు. బాగుంది, మరి నల్లదానికి అన్యాయం జరిగిందేమో? కుడిచేతి మీద మళ్లీ అవకాశమిచ్చాడు. పాలరంగుది మాత్రం ఏం పాపం చేసింది? జడ్జీలకైనా అంత ధర్మబుద్ధి ఉండదు. చివరికి పచ్చరాయి గెలిచింది. చేతులు మాత్రం ఒలిచిన అరటిపళ్లలా మిగిలాయి. భార్య జగదాంబ చూసి, ఈ పని కాళ్ల దాకా రాకముందే రాళ్లు దాచేసింది.

మర్నాడు ఫిల్మ్‌నగర్ సెట్లో, ఒక షాటుకీ ఇంకో షాటుకీ తేడా రాకుండా చూసుకునే హరిణి పోయినవారం ఫోటో ఫోన్లో తెరిచింది. అందులో ఆయన చేతులు నెరిసిన ఎలుగుబంటివి.

"సార్, నురగ పూసినప్పుడున్న వెంట్రుకలు కత్తి పట్టేసరికి ఏమైపోయాయండీ?"

సంగతి విన్న డైరెక్టరు రఘునందన్ విసుక్కుని, క్లోజప్పు ఎత్తేద్దాం, ఆయన్ని వెనక నిలబెట్టి తలూపిస్తే చాలన్నాడు. మేకప్ వీరరాఘవయ్య జాలిపడి, జుట్టుంటే చేతికి అతికిస్తానన్నాడు, కానీ తన పెట్టెలో ఉన్నదంతా నల్లజుట్టే. నెరిసినది ఎక్కడ దొరుకుతుంది?

సత్యనారాయణమూర్తి సంచీలోంచి కత్తి తీసి వీరరాఘవయ్య చేతికిచ్చి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నెత్తి ఎప్పుడో బట్టతలైంది, మెడ పైన మిగిలిన కాస్త నెరిసిన జుట్టంటే ఆయనకి ప్రాణం. కత్తి చప్పుడు లేకుండా కోసేసింది. పచ్చరాయి మంచిదేనని ఆ దుఃఖంలోనూ సంతోషించాడు.

అతికించేసరికి మధ్యాహ్నమైంది. తీరా షాటులో హీరోగారి మేనేజరు అసలు కత్తిని దగ్గరికే రానివ్వలేదు, మొద్దుకత్తే ఇచ్చారు. లైట్ల వేడికి జిగురు కరగడం మొదలైంది. వెంట్రుక ఒక్కటి నురగలో పడ్డా తన పని అయిపోయినట్టేనని సత్యనారాయణమూర్తి నిలువెల్లా వణికాడు, పెదాలు ఎండిపోయాయి.

షాటు ఓకే అన్నాడు డైరెక్టరు. దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"మొహంలోకి ఆ భయం భలే తెచ్చారండీ. అసలు కత్తే పట్టుకున్నారా ఏంటి?"

సత్యనారాయణమూర్తి అలవాటు కొద్దీ తలూపాడు. మెడ వెనక చల్లగా గాలి తగిలింది.